రికార్డులో ఉన్న కమోడు

దేశంలో మిడ్ సెంచురీ మోడరన్ ఇళ్ళు కొనుక్కోవడానికి అనువైన నగరాల జాబితాలో మా పులివాగుకు పదకొండో స్థానం వచ్చిందని పేపర్లో పడిన రోజున, ఆ మాటలకు అర్థం తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. చాలామంది 'నగరం' అన్న మాట దగ్గరే ఆగిపోయారు. మాకు ఒక బస్టాండు, రెండు మిరపకాయల గోదాములు, మధ్యాహ్నం పూట నిద్రపోయే ఒక మునిసిపాలిటీ ఉన్నాయి. వీటిని కలిపి నగరం అంటారని ఢిల్లీవాళ్ళు చెప్పేదాకా మాకు తెలియదు.

ఆ మునిసిపాలిటీలో, టౌన్ ప్లానింగు సెక్షన్లో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు పేరయ్య. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకు తెలిసిన ఇళ్ళు రెండే రకాలు. అనుమతి ఉన్నవి, అనుమతి లేనివి. మూడో రకం కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

సంగతేమిటంటే, 1957లో వాగు మీద డ్యాం కడుతున్నప్పుడు ప్రభుత్వం నలభై ఎనిమిది క్వార్టర్లు కట్టించింది. చదును కప్పులు, ఏటవాలుగా నిలబడ్డ వరండా స్తంభాలు, గోడల్లో చిల్లుల ఇటుకలు, నల్ల చుక్కల మొజాయిక్ గచ్చు. ప్రతి ఇంటికీ వరండా కప్పులో బండిచక్రమంత గుండ్రటి కంత. వానొస్తే నీళ్ళు ఆ కంతలోంచి నేరుగా వరండాలోకి దిగుతాయి. డ్యాం అయిపోయాక ఇంజనీర్లు వెళ్ళిపోయారు. ఎనభైల్లో ప్రభుత్వం ఆ ఇళ్ళను వాటిలో ఉంటున్న చిన్న ఉద్యోగులకే అమ్మేసింది. మేం వాటిని డ్యాం క్వార్టర్లంటాం. ఢిల్లీలో పాత ఇళ్ళంటే ప్రాణం పెట్టే పెద్దలు కొందరు సంఘం పెట్టుకుని, యాభైల నాటి ఇలాంటి ఇళ్ళనే మిడ్ సెంచురీ మోడరన్ అంటూ, అవి ఎక్కడెక్కడున్నాయో దేశమంతా గాలించి, కొంటే ఇక్కడ కొనండి అని జాబితా వేశారట.

మా కమిషనర్ భానుమూర్తిగారు పేపరు పట్టుకుని నన్ను పిలిచారు.

"పదకొండు అంటే ఏమిటయ్యా పేరయ్యా? పదిలో లేమని మనకు లిఖితపూర్వకంగా తెలియజేయడం. దీన్ని మనం సవాలుగా స్వీకరిస్తున్నాం."

స్వీకరించడం అంటే ఏం చేయాలో తెలియక నేను తలూపాను. వారం తిరక్కుండానే హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు దిగింది. పేరు నివేదితగారు. చదువుకున్నదీ, మంచిదీ. ఆ ఇళ్ళంటే ఆవిడకు నిజంగానే ప్రేమ. ప్రతి ఇంటి ముందూ చెప్పులు విడిచి, లోపలికెళ్ళి, గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. ఇంటివాళ్ళు చెమ్మ చూస్తున్నదనుకుని, "ఆ మూలకి చూడమ్మా, అక్కడింకా ఎక్కువ" అని చూపించేవాళ్ళు.

వరండాలో కంత కింద నిలబడి ఆవిడ తలెత్తి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆకాశాన్ని ఇంట్లోకి పిలిచారు చూడండి. అరవై ఏడేళ్ళ కిందట ఎంత సాహసం!"

మా నాన్న ఆ కట్టుబడిలో సిమెంటు కలిపాడు. ప్రతి ఇంటి దగ్గరా మూడు బస్తాలు ఎటో వెళ్ళిపోయేవనీ, ఆ మేరకు కప్పులో కంత వదిలేసేవాళ్ళనీ ఆయన చెప్పగా నేను చాలాసార్లు విన్నాను. కానీ కన్సల్టెంటు ఒక మాట అన్నాక గుమాస్తా ఇంకో మాట అనకూడదు. నోట్సులో 'ఆకాశం, సాహసం' అని రాసుకున్నాను.

నివేదితగారు ఢిల్లీ సంఘంవారి మార్కుల పట్టిక బయటికి తీసింది. మొత్తం వంద. అందులో అరవై మార్కులు మూలరూపానికి. అంటే ఇల్లు పుట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి. కమిషనర్ గారు ఆ సాయంత్రమే ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను.

"ఇందుమూలముగా డ్యాం క్వార్టర్ల గృహస్థులకు తెలియజేయునది ఏమనగా, 1960వ సంవత్సరము తదుపరి సదరు గృహములందు ప్రవేశించిన సమస్త వస్తుజాలమును, నిర్మాణములను పదిహేను దినములలో తొలగించవలెను. కొత్తగా ఏదియు అమర్చరాదు. అతిక్రమించినవారు వారసత్వ విధ్వంసకులుగా పరిగణింపబడుదురు."

పదిహేను రోజుల్లో కప్పుల మీది నల్ల ట్యాంకులు దిగాయి. కిటికీల ఇనుప గ్రిల్సు ఊడాయి. డిష్ యాంటెనాలు పోయాయి. జనం వీధి కుళాయి దగ్గర బిందెలతో వరస కట్టారు. మిక్సీ మోత వీధిలోకి వినపడితే రెండు మార్కులు పోతాయని, మునిసిపాలిటీ వీధికొక రుబ్బురోలు వేయించింది. నాలుగో నెంబరు ఇంటాయన టీవీని వదులుకోలేక దానిమీద దుప్పటి కప్పి, పెద్ద రేడియో అని రాసిపెట్టాడు. పరిశీలకుణ్ణి నేనే కాబట్టి రేడియో అనే రాసుకున్నాను.

ఈలోగా నిజంగానే ఇల్లు కొనుక్కుందామని హైదరాబాదు నుంచి ఒక జంట కారేసుకొచ్చింది. ఫొటోలు తీసుకున్నారు, కంత కింద నిలబడ్డారు, బేరం కుదిరింది. విషయం తెలిసి కమిషనర్ గారు అదిరిపడ్డారు. మార్కుల పట్టికలో 'ఒకే కుటుంబం నిరంతర నివాసం' అని ఎనిమిది మార్కులున్నాయి. అమ్మితే అవి పోతాయి. క్వార్టర్ల అమ్మకాలన్నీ ఆపేశారు.

"సార్, ఇది ఇళ్ళు కొనడానికి అనువైన ఊళ్ళ జాబితా కదండీ" అన్నాను.

"అందుకేనయ్యా. కొనడానికి అత్యుత్తమంగా ఉండాలంటే అమ్మకుండా ఉంచాలి. అందరూ అమ్మేసుకుంటే ఇక కొనడానికేం మిగులుతుంది?"

ఆలోచిస్తే అందులో తప్పు కనపడలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మనిషిని అలా తయారు చేస్తుంది.

పదిహేడో నెంబరు ఇంటికి నోటీసు ఇవ్వడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. అది రాహేలమ్మ టీచరుగారిది. నాకు ఐదో క్లాసు చెప్పింది. డెబ్భై నాలుగేళ్ళు. భర్త డ్యాం మీద లస్కరుగా చేసి, గేట్లకు గ్రీజు రాసీ రాసీ రిటైరై, ఆరేళ్ళ కిందట పోయాడు. వేసవిలో ఆవిడ పెరట్లో మరుగుదొడ్డిలో జారి పడింది. గుంటూరు డాక్టరు, ఇంక గొంతుక్కూచోవద్దమ్మా, మళ్ళీ పడితే మంచమే అన్నాడు. ఆవిడ తెల్ల కమోడొకటి కొని, గోనెపట్టా చుట్టి వరండాలో పెట్టుకుంది. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. నా నోటీసు శనివారం వెళ్ళింది.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం చివరిదాకా చదివింది.

"ఏందిరా పేరయ్యా, ఇది పెట్టుకోకూడదా?"

"కొత్తది ఏదీ అమర్చరాదంటండీ."

"మరి నేనేం చెయ్యాల? ఇప్పుడు రెండు పూటలా పక్కింటి కోడలొచ్చి రెక్క పట్టుకుని లేపతంది. దాని పని అది మానుకుని నా దొడ్డి తలుపు కాడ నిలబడతంది. ఎంత సిగ్గుగా ఉందో తెలుసా నాకు? అన్నం తినాలంటే బయం వేస్తంది, మళ్ళీ పోవాల్సొచ్చిద్దని."

నేను తలొంచుకున్నాను. దరఖాస్తు పెట్టుకోండి, కమిషనర్ గారు దయగలవారు అని చెప్పి వచ్చేశాను. సోమవారం ఆవిడ కర్ర పట్టుకుని ఆఫీసు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. కమిషనర్ గారు లేచి నిలబడి మరీ మర్యాద చేశారు.

"అమ్మా, మీ మోకాళ్ళ పట్ల ఈ మునిసిపాలిటీకి అపారమైన సానుభూతి ఉంది. అయితే మోకాళ్ళు మీ వ్యక్తిగత ఆస్తి. మరుగుదొడ్డి జాతీయ వారసత్వం. రెండింటికీ ఘర్షణ వచ్చినప్పుడు ప్రభుత్వం దేనివైపు నిలబడాలో మీరే చెప్పండి."

"నిలబడేవాళ్ళు ఎటన్నా నిలబడండయ్యా. నేను కూచునేదాని గురించి అడగతన్నా."

"మీ దరఖాస్తును సానుకూలంగా పరిశీలిస్తాం" అన్నారాయన. మా ఆఫీసులో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఆవిడ మళ్ళీ మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో నేను కిటికీలోంచి చూశాను. చూసి ఊరుకున్నాను, అంతే.

ఆ వారమే నివేదితగారు మూలరూపానికి దస్తావేజు సాక్ష్యం కావాలంది. నన్ను గుంటూరు పంపారు. ఇరిగేషన్ వాళ్ళ పాత రికార్డు గదిలో రెండు రోజులు దుమ్ము తిని, 1957 నాటి ఎం బుక్ పట్టుకొచ్చాను. ఎం బుక్ అంటే కొలతల పుస్తకం. కాంట్రాక్టరు కట్టినదాన్ని కొలిచి, ఓవర్సీరు అందులో రాస్తాడు. పైవాళ్ళు సంతకాలు చేస్తారు. సంతకాలు పడ్డాక అందులో ఉన్నది కట్టినట్టు, లేనిది కట్టనట్టు. కళ్ళకు ఏం కనపడుతుందన్నది ఆ తరవాతి సంగతి.

నివేదితగారు ఆ పుస్తకాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది. నూటపన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది.

"వరండా కప్పు, సంపూర్ణముగా, అని ఉందే! మరి కంత?"

కంతకు తొమ్మిది మార్కులున్నాయి. రికార్డుకు అరవై ఉన్నాయి. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని, తెరిచి, "కంతతో సహా సంపూర్ణముగా అని భావించాలి" అన్నారు. అలాగే తీర్మానం రాశాను.

పేజీ తిరగేస్తే అసలుది బయటపడింది. 'యూరోపియన్ తరహా తెల్ల పింగాణీ కమోడులు, నలభై ఎనిమిది. అమర్చి, పరీక్షించి, సంతృప్తికరముగా ఉన్నట్లు గమనించడమైనది.' కింద నాలుగు సంతకాలు.

"అయితే అవన్నీ ఏమయ్యాయి?" అంది నివేదితగారు.

"తొలగించారు" అన్నారు కమిషనర్ గారు, పళ్ళు కొరుకుతూ.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, అసలు పెట్టి ఉండరేమోనండీ. సిమెంటు లాగే..."

"పేరయ్యా! నలుగురు అధికారులు పరీక్షించి సంతృప్తి చెందారు. లేని కమోడును నలుగురు పరీక్షించగలరా?"

తలూపి బయటికొచ్చాను. నలభై ఎనిమిది ఇళ్ళకూ సంజాయిషీ నోటీసులు టైపు చేశాను. ప్రభుత్వం అమర్చిన కమోడును ఏ కారణంచేత, ఎవరి అనుమతితో తొలగించితిరో ఏడు దినములలో తెలుపవలెను. తప్పు ఒప్పుకున్నవారికి కమోడును యథాస్థానమున పునరుద్ధరించుకొను అవకాశము ఇవ్వబడును.

రాహేలమ్మగారికి ఒకే రోజు రెండు కాగితాలు అందాయి. ఒకటి, దరఖాస్తుకు జవాబుగా, కమోడు పెట్టుకోవడానికి వీల్లేదని. ఇంకోటి, కమోడు ఎందుకు తీసేశావని. ఆవిడ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఈ రెండూ నువ్వే రాశావా?"

"అవునండీ."

"ఐదో క్లాసులో నిన్ను పాసు చేసింది నేనే. తప్పు నాదేలే."

నేను దగ్గరగా కూర్చుని మెల్లగా చెప్పాను. మిగతా నలభై ఏడు ఇళ్ళవాళ్ళూ అచ్చు కాగితం మీద సంతకాలు పెట్టేశారు, మా పెద్దలు తెలియక తీసేశారు అని. మీరూ ఒక్క సంతకం పెట్టండి టీచరుగారూ, రేపే మేస్త్రీని పిలుచుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

ఆవిడ ముఖం మారిపోయింది.

"పెద్దలంటే ఎవర్రా? ఈ ఇంట్లో పెద్దాయన ఒక్కడే. ముప్పై ఒక్కేళ్ళు డ్యాం మీద చేశాడు. జేబులో ఒక్క మేకు ఉండిపోతే సాయంత్రం మళ్ళీ నడుచుకుంటా పోయి ఇచ్చొచ్చినోడు. ఆయన గవర్నమెంటు కమోడు ఎత్తుకుపోయాడని నేను రాసియ్యాలా? నా మోకాళ్ళ కోసం?"

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నా ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ పెన్ను తీసి, నోటీసు వెనకాలే జవాబు రాసింది. ఐదో క్లాసులో బల్ల మీద రాయించేటప్పటి గుండ్రటి అక్షరాలే.

'ఈ ఇంట్లో కమోడు ఎన్నడూ లేదు. లేనిదాన్ని ఎవరూ తీయలేదు. నాకు ఇప్పుడు అవసరం కాబట్టి పెట్టుకోనివ్వండి.'

ఆ కాగితం ఫైల్లో చేరగానే ఆఫీసు ఆఫీసంతా వణికింది. మార్కులు వేయడానికి ఢిల్లీ సంఘం బృందం గురువారం వస్తుంది. పదిహేడో నెంబరు ఇంట్లో కమోడు ఎన్నడూ లేదంటే ఎం బుక్ అబద్ధం. ఎం బుక్ అబద్ధమైతే మూలరూపానికి ఆధారం లేదు. అరవై మార్కులూ గాలికి పోతాయి. అన్నిటికన్నా ఘోరం, నలభై ఏడు మంది చేయని నేరాన్ని ఒప్పుకున్నట్టు, దాన్ని మేం విచారించి నిర్ధారించినట్టు తేలుతుంది.

మంగళవారం పొద్దున కమిషనర్ గారు స్వయంగా ఆవిడ ఇంటికి వచ్చారు. వెంట నివేదితగారు, నేను. టీచరుగారు వరండాలో కుర్చీ వేసింది, సరిగ్గా కంత కింద. మాటల్లో ఉండగానే చినుకులు మొదలయ్యాయి. తీర్మానం ప్రకారం కప్పు సంపూర్ణం కాబట్టి, కన్సల్టెంటు ఎదురుగా కుర్చీ జరుపుకోవడం బాగుండదనుకున్నారో ఏమో, ఆయన తడుస్తూనే కూర్చున్నారు.

"అమ్మా, మీరొక్కరు సహకరిస్తే పులివాగు పేరు దేశమంతా మారుమోగుతుంది. తీసేశామని ఒక్క ముక్క రాయండి."

"రాయను."

"పోనీ, తీసేసి ఉండవచ్చును అని?"

"నలభై ఏళ్ళు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పి, ఇప్పుడు నేనే ఆడమంటావా? నువ్వు అడిగే తీరు కూడా తప్పు నాయనా. నీకు కావాల్సింది కమోడు. నాకు కావాల్సిందీ కమోడే. మజ్జలో మా ఆయన్ని దొంగని చెయ్యడం ఎందుకు?"

కమిషనర్ గారి ముక్కు చివరి నుంచి ఒక చినుకు రాలింది. ఆయన నివేదితగారి వంక చూశారు. ఆవిడ నేలకేసి చూసి, "మునిసిపాలిటీయే పునరుద్ధరించవచ్చు. ఒప్పుకోలు అక్కర్లేదు" అంది. ఆ రోజు నుంచీ నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

మిగతా నలభై ఏడు ఇళ్ళలోనూ అప్పటికే కమోడులు కొని బిగించుకున్నారు. బుధవారం మేస్త్రీ పదిహేడో నెంబరుకు వచ్చాడు. గోనెపట్టా విప్పి, రాహేలమ్మగారు కొన్న కమోడునే ఇంటి వెనక మరుగుదొడ్డి గదిలో బిగించాడు. దానిమీది కంపెనీ చీటీని నేను బ్లేడుతో గీకేశాను. మరీ తెల్లగా ఉందని కమిషనర్ గారు టీ డికాక్షన్ తెప్పించి పూయించారు. సాయంత్రానికి దానికి అరవై ఏడేళ్ళు వచ్చేశాయి.

గురువారం ఢిల్లీ బృందం దిగింది. పెద్దాయన తెల్ల గడ్డం, నార చొక్కా. ఇళ్ళన్నీ తిరిగాడు, రుబ్బురోళ్ళు చూశాడు, దుప్పటి కప్పిన రేడియో చూసి బోలెడు సంతోషించాడు. పదిహేడో నెంబరులో కమోడు ముందు వంగి, తలెత్తి, ఇది ఎప్పటి నుంచి ఉందని హిందీలో రాహేలమ్మగారినే అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. కమిషనర్ గారు నా భుజం పట్టుకున్నారు. ఆ పట్టు ఇంకా గుర్తుంది.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కాయితంలో యాభై ఏడు నించి ఉందంట. ఇంట్లో నిన్నటి నించి ఉంది."

కమిషనర్ గారు గబగబా హిందీలోకి మార్చారు. మొదటి సగమే మార్చారు. పెద్దాయన చేతులు జోడించి, పూర్తి మార్కులు వేశాడు.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది. దేశంలో మిడ్ సెంచురీ మోడరన్ ఇళ్ళు కొనుక్కోవడానికి ప్రథమ నగరం పులివాగు. బస్టాండులో బ్యానరు కట్టాం. కమిషనర్ గారికి సన్మానం, పెద్ద ఊరికి బదిలీ. కొనడానికి వచ్చేవాళ్ళ కార్లు క్వార్టర్ల వీధిలో పట్టడం లేదు. ఒక్క ఇల్లూ అమ్మకానికి లేదని చెబితే, అందుకే కదా ఇంత బాగున్నాయి అంటూ ఇంకా మోజు పడి వెళుతున్నారు.

కమిషనర్ గారు వెళుతూ వెళుతూ ఆఖరి ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. నలభై ఎనిమిది కమోడులూ రక్షిత వారసత్వ వస్తువులు. వాడుకవలన అరుగుదల సంభవించును గనుక సదరు గదులకు తాళం వేసి, లక్కతో సీలు వేయవలెను. సీలు వేసే బాధ్యత, నెలనెలా తనిఖీ చేసే బాధ్యత టౌన్ ప్లానింగు సీనియర్ అసిస్టెంటుది.

ఒకటో తారీఖున తాళం, లక్క, కొవ్వొత్తి తీసుకుని పదిహేడో నెంబరు ముందు స్కూటరు ఆపాను. ఇంటి వెనక్కి వెళితే గది తలుపు మూసి ఉంది. కొట్టాను.

"ఎవరూ?" లోపలి నుంచి.

"నేనండీ, పేరయ్యని. సీలు వెయ్యాలండీ."

"ఉండరా. తొందరేముంది? వంటింట్లో కాఫీ ఉంది, పోసుకు తాగు."

కాఫీ పోసుకుని వరండాలో కూర్చున్నాను. కాస్సేపటికి రిజిస్టరు తీసి, ఆ నెల తనిఖీ కింద రాశాను: 'ద్వారము లోపలనుండి గడియ వేసి ఉన్నందున సీలు వేయుటకు సాధ్యపడలేదు.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సంతకం పెట్టి, వెళ్ళొస్తానండీ అని కేకేశాను.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ప్రతి ఒకటో తారీఖునా స్కూటరు వీధి మలుపు తిరిగేముందు నేను రెండుసార్లు హారన్ కొడతాను. పద్నాలుగుసార్లూ లోపల గడియ వేసే ఉంది.